ఎక్కిన కాళ్ళతోనే దిగడం

కొండల్లేని చోట కొండల ఉద్యోగం

సింగపూర్‌లో కాపురముంటూ జనాన్ని ఆల్ప్స్ కొండలెక్కించి జీతం తీసుకున్నానంటే మా బేతంచెర్లలో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. వాళ్ళ అనుమానంలో న్యాయం ఉంది. ఈ దేశంలో అన్నిటికన్నా ఎత్తైనది బుకిట్ తిమా గుట్ట. ఇంట్లో పప్పు నానబోసి వెళ్తే అది నానేలోపు ఎక్కి, దిగి, కింద కొబ్బరిబొండం తాగి రావచ్చు. ఆ గుట్ట మీద మనుషుల కంటే కోతులకే క్రమశిక్షణ ఎక్కువ. దూరపు కొండలు నునుపు అంటారు. సింగపూర్ నుంచి చూస్తే ప్రపంచంలోని కొండలన్నీ దూరపు కొండలే కాబట్టి, మా కంపెనీ ఆ నునుపు మీదే బతికింది.

నిరుడు రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు యూ టీ పేటలోని మా ఇంటికి వచ్చి, ఏ బూట్లు కొనాలి, ఏ సర్టిఫికెట్ చేయాలి ఆంటీ అని అడుగుతుంటారు. బూట్ల సంగతి అంగట్లో చెప్తారు. అంగట్లో చెప్పనివి నేను చెప్తాను. ప్రమోషన్ల కథలు నా దగ్గర లేవు. టూర్ లీడర్‌గా చేరి సీనియర్ టూర్ లీడర్‌గా దిగిపోయాను, మధ్యలో జుట్టు తెల్లబడింది.

ముందు ఒక హెచ్చరిక. మనవాళ్ళు మిమ్మల్ని ఆంటీ అనో అంకుల్ అనో పిలుస్తారు. అందులో ఆప్యాయత ఉంది, కాదనను. కానీ ఆంటీ అన్నాక మీరు చెప్పే జాగ్రత్తకు విలువ పోతుంది. ఆంటీ అంటే స్వెటర్ వేసుకోమని వెంటపడే మనిషి. ఇంట్లో ఉన్న ఆంటీల మాటే వినని వాళ్ళు కొండ మీద ఆంటీ మాట వింటారని నేను చాలా ఏళ్ళు ఆశపడ్డాను.

బాస్ సిద్ధాంతం

మా బాస్ పేరు టాన్ అనుకోండి. మంచివాడే. పుట్టినరోజుకు కేకు తెప్పించేవాడు, జ్వరమొస్తే సెలవిచ్చేవాడు. జీవితంలో ఒక్క కొండ ఎక్కలేదు. చెమట పడితే ఆయనకు కోపం వస్తుంది. ఆఫీసులో ఏసీ ఎంత పెంచేవాడంటే, ఆల్ప్స్‌లో తొడుక్కోవాల్సిన జాకెట్లు మేం అక్కడే తొడుక్కుని అలవాటు చేసుకునేవాళ్ళం.

మేం ఎక్కువగా అమ్మిన కొండ జర్మనీ సరిహద్దులో ఉన్న జుగ్‌స్పిట్జ్. అక్కడివాళ్ళు త్సూగ్‌ష్పిట్సె అంటారు. మా బాస్ ‘జెడ్ మౌంటెన్’ అని తేల్చేశాడు. పూర్తిగా సున్నపురాయి కొండ. మా ఊరి నాపరాళ్ళ జాతే, కాకపోతే మా ఇంట్లో అది గచ్చు, అక్కడ ఆకాశం. ఈ కొండకు ఒక విశేషం ఉంది. రెండు రోజులు ఊపిరి బిగబట్టి నడిచి శిఖరం చేరితే, అక్కడ మీకంటే ముందే చెప్పులేసుకున్న జనం కూర్చుని వేయించిన సాసేజీలు తింటుంటారు. కేబుల్ కార్లు ఒక దేశం నుంచీ వస్తాయి, పక్క దేశం నుంచీ వస్తాయి. చాలదన్నట్టు కొండ కడుపులో సొరంగం తవ్వి పళ్ళ చక్రాల రైలు కూడా నడుపుతున్నారు.

ఈ సంగతులేవీ మా బ్రోషర్‌లో ఉండేవి కావు. కేబుల్ కార్ ఉందని తెలిస్తే రెండు రోజులు నడిచేదెవరు అని బాస్ వాదన. శిఖరం చేరాక మాత్రం దాన్ని కంపెనీ ఇచ్చే కానుకలా బయటపెట్టి, అందరినీ అందులో దింపేసేవాళ్ళం. ఆయన సిద్ధాంతం ఒక్క ముక్కలో చెప్పేవాడు: “వాక్ అప్ కెన్. వాక్ డౌన్ నో నీడ్ లా.” నడిచి ఎక్కొచ్చు, నడిచి దిగక్కర్లేదని. కస్టమర్లు ఆ మాటకు చప్పట్లు కొట్టేవారు. ఫొటో పైన తీస్తారు గానీ దిగేటప్పుడు ఎవరు తీస్తారు?

నాలుగు దారులు, ఒక పోల్

ఇక అసలు సంగతి. మిగతా ట్రిప్పులన్నీ కలిపి నాకు నేర్పనిది ఒక్క ట్రిప్పు నేర్పింది.

ఆ గుంపులో అందరూ మన తెలుగువాళ్ళే, ఎక్కువమంది బ్యాంకులు, ఐటీ. నాయకుడు ప్రభాకర్ గారు. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో రిస్క్ మేనేజ్‌మెంట్ పెద్ద. ఎక్కడ ప్రమాదం ఉందో ముందుగా పసిగట్టడం ఆయన వృత్తి. బిషాన్‌లో ఉంటారు, సొంతూరు కాకినాడ దగ్గర. ఆయన భార్య ఉమ గారు ఇంట్లో పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్తారు.

కొండకు ప్రధానంగా నాలుగు దారులు. లోయ వెంట ఏరు పట్టుకుని పోయే పొడుగాటి దారి ఒకటి. కాళ్ళు నొప్పెడతాయి తప్ప ప్రాణం మీదికి రాదు. రెండోది ఇనుప నిచ్చెనలు, రాతిలో దిగ్గొట్టిన మేకులు, మంచుగడ్డ దాటే దారి. దాని పేరే నరకలోయ, అక్కడివాళ్ళే పెట్టుకున్నారు. మూడోది, నాలుగోది ఆస్ట్రియా వైపు నుంచి వస్తాయి. ఒకటి పశువుల మేతబీళ్ళ మీదుగా నెమ్మదిగా, ఇంకోటి నిటారుగా రాళ్ళు జారే చోట్ల మీదుగా.

ప్రభాకర్ గారు వాట్సాప్‌లో పోల్ పెట్టారు. నరకలోయ భారీ మెజారిటీతో గెలిచింది. కారణం అడిగితే, దూరం తక్కువ ఆంటీ అన్నారు. మంచుగడ్డ పోల్ ఫలితాన్ని గౌరవించదని నేను జవాబు రాశాను. నవ్వుతున్న బొమ్మలు చాలా వచ్చాయి. చివరికి, నరకలోయకైతే నేను రానని చెప్పాక, అయిష్టంగా లోయ దారికి ఒప్పుకున్నారు. ఈ ఉద్యోగంలో మీకున్న అధికారం ఇదొక్కటే, నేను రాను అనడం. దాన్ని దాచుకుని వాడండి.

ఆ మొదటి మీటింగులో ఉమ గారు ఒక్క ప్రశ్న అడిగారు. “దిగేది ఎలాగండీ?” అన్నారు. నా సర్వీసులో ఆ ప్రశ్న అడిగిన మొదటి కస్టమర్ ఆవిడే.

చిన్నప్పుడెప్పుడో కరెంటు పోయి ఆవిడ లిఫ్టులో చిక్కుకుపోయారట. అప్పటినుంచీ తలుపు మూసుకుని తీగకు వేలాడే పెట్టె ఏదైనా సరే ఎక్కరు. బిషాన్‌లో పన్నెండో అంతస్తు ఇంటికి కూరగాయల సంచులతో మెట్ల మీదే ఎక్కుతారు, మెట్ల మీదే దిగుతారు. రైలు కూడా నేల పైన నడిచినంత వరకే, సొరంగం వస్తుందనగా దిగి బస్సెక్కుతారు. విమానమొక్కటి, లేచి నడవడానికి చోటుంటుంది కాబట్టి, ఎలాగో భరిస్తారు. ఇదంతా ఆవిడ సిగ్గుపడకుండా, మొహమాటపడకుండా చెప్పారు. అందుకే నాకు ఆవిడ నచ్చారు. కేబుల్ కార్ ఉందని, అది ఎక్కక్కర్లేదని, వచ్చిన దారినే నడిచి దిగవచ్చని, పై సత్రంలో ఒక రాత్రి ఆగాలని, తోడు నేనొస్తానని అందరి ముందే మాటిచ్చాను. పక్కనే ఉన్న ప్రభాకర్ గారు తలూపారు. మిగతావాళ్ళను మాతో వచ్చే అక్కడి గైడ్ దింపుతాడని బాస్ కూడా సరేనన్నాడు.

యూ టీ మెట్లు

కొండ లేని ఊళ్ళో సాధన ఎలా అంటే, ఫ్లాట్ల మెట్లే. ప్రతి ఆదివారం పొద్దున గుంపంతా మా బ్లాకు కింద చేరేవాళ్ళు. బరువు కోసం సంచుల్లో సోనా మసూరి బియ్యం. పై అంతస్తు దాకా రొప్పుతూ ఎక్కడం, చేతి గడియారంలో అంకెలు చూసి మురిసిపోవడం, లిఫ్టు బటన్ నొక్కి దిగిపోవడం, మళ్ళీ ఎక్కడం. దిగడం కూడా సాధన చేయాలని నేను మొత్తుకున్నాను. దిగితే మోకాళ్ళు అరుగుతాయట. అరిగేది అక్కడ ఒక్కసారిగా అరిగిపోతుంది కదా అంటే, అక్కడ కేబుల్ కార్ ఉందిగా ఆంటీ అన్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఉమ గారొక్కరే మెట్ల మీద దిగేవారు. అందరూ కింద టిష్యూ ప్యాకెట్లు పెట్టి చోప్ చేసుకున్న, అంటే ముందే పట్టేసుకున్న, బల్లల దగ్గర కూర్చుని ఆవిడ కోసం ఎదురుచూసేవాళ్ళు. మావిడ లిఫ్టు కనిపెట్టక ముందు పుట్టిందని ప్రభాకర్ గారు ఒక జోకు వేసేవారు. ప్రతి ఆదివారం అదే జోకు. మొదట్లో నవ్వినవాళ్ళు తర్వాత కాఫీ వంక చూసేవాళ్ళు, ఆయన మాత్రం ఆపలేదు.

కింది సత్రం

మా దారిలో యాత్రికులకు రెండు సత్రాలున్నాయి. లోయలో ఏటి ఒడ్డున కిందిది, చెట్లు ఆగిపోయి ఉత్త రాయి మిగిలే చోట పైది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకనపెట్టుకున్నట్టు, మావాళ్ళలో ఒకాయన రైస్ కుక్కర్ మోసుకొచ్చాడు. సత్రంలో ప్లగ్గు ఇవ్వలేదని నొచ్చుకున్నాడు కూడా. భోజనాల గదిలో మావాళ్ళు అలవాటు కొద్దీ బల్లల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి స్నానాలకు పోయారు. సత్రం నడిపే పెద్దావిడ వాటన్నిటినీ పోగుచేసి, ఎవరో దయగల వాళ్ళు సత్రానికి ఇచ్చారనుకుని, మరుగుదొడ్ల దగ్గర సర్దేసింది. వచ్చి చూస్తే బల్లల నిండా జర్మన్లు.

ఆ గొడవ సర్ది బయట బెంచీ మీద కూర్చుంటే ప్రభాకర్ గారు వచ్చి పక్కన కూర్చున్నారు. ఒక చిన్న సర్‌ప్రైజ్ ఉందన్నారు. రేపు రాత్రికి పై సత్రంలో ఉమ గారికీ నాకూ తీసుకున్న పడకలు ఆయన, బాస్ కలిసి రద్దు చేయించారట. శిఖరం మీద ఆ సంగతి చెప్తే ఆవిడకు ఇంకో దారి ఉండదట.

“ఎక్కక తప్పదంటే ఎక్కుతుందండీ. ఒక్క దెబ్బతో భయం పోతుంది. మీరేం కంగారు పడకండి ఆంటీ, రిస్క్ నాది.”

“రిస్క్ మీదెట్లయితాది సార్? కాళ్ళామెవి, భయం ఆమెది” అన్నాను.

ఆయన నవ్వి, నాకు మనస్తత్వ శాస్త్రం తెలియదని సౌమ్యంగా చెప్పి లోపలికి వెళ్ళారు. నాకు ఒళ్ళు మండిపోయింది. బాస్‌కు ఫోన్ చేస్తే, డబ్బు కట్టింది ఆయన కదా, కస్టమర్ ఆయనే అన్నాడు. కొత్తగా వచ్చే పిల్లలు ఈ విషయంలో తడబడతారు కాబట్టి చెప్తున్నాను. కొండ మీద ఎవరి కాళ్ళు నడుస్తున్నాయో వాళ్ళే మీ కస్టమర్.

పెద్దావిడను బతిమాలి పై సత్రానికి ఫోన్ చేయించాను. పడకలు అయిపోయాయి, కావాలంటే భోజనాల గదిలో నేల మీద పడుకోవచ్చన్నారు. అది చాలు. మర్నాడు పొద్దున నడక మొదలయ్యాక, ఏటి చప్పుడులో ఇంకెవరికీ వినపడదనుకున్న చోట, ఉమ గారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ ఆగి, వంగి, ముడి ఊడని బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నారు.

“మీరు చెప్పారని ఆయనకి తెలియనివ్వకండి” అన్నారు. “ఆయనే చెప్తారేమో చూస్తాను. సాయంత్రం దాకా టైముంది కదా.”

పైకి

సున్నపురాయి కొండ గురించి రెండు ముక్కలు చెప్పాలి. వాన ఎంత పడ్డా రాయి తాగేస్తుంది. పైకి వెళ్ళేకొద్దీ చుక్క నీరు కనపడదు, అంతా లోపలెక్కడో పారుతుంటుంది. సత్రం దగ్గర సీసాలు నింపుకోకపోతే పైన నాలుక పిడచకట్టుకుపోతుంది. ఎవరూ నడవని చోట రాయి కత్తిలా ఉంటుంది, అందరూ నడిచిన చోట అరిగి సబ్బులా జారుతుంది. కాబట్టి నలుగురూ నడిచిన దారే క్షేమం అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఉమ గారు ఆయనకు అవకాశాలిస్తూ నడిచారు. పై సత్రం దగ్గర సూప్ తాగుతూ, రాత్రికి ఇక్కడే కదండీ మేం పడుకునేది అన్నారు. చూద్దాంలే అన్నారాయన. గులకరాళ్ళు కాలి కింద జారిపోయే ఏటవాలులో ఆగినప్పుడు, రేపు మీరంతా టూర్‌లో ఉన్న కోటలు చూస్తారు, మేం లోయలో ఉంటాం అన్నారు. ఆయన నీళ్ళు తాగారు. ఆఖరున ఇనుప తీగ పట్టుకుని ఎక్కే రాతిగట్టు మీద ఆవిడ ఇంకేమీ అడగలేదు. నాకైతే ఆయన భుజం పట్టుకుని ఊపి చెప్పించాలనిపించింది. ఒక్క మాట చెప్పేస్తే పోయేదానికి ఆయన అంత కొండా మోసుకుని ఎక్కుతున్నారు.

ఎక్కడం మాత్రం మావాళ్ళు భేషుగ్గా ఎక్కారు. యూ టీ మెట్ల పుణ్యం. శిఖరం మీద చెప్పుల జనాన్ని చూసి ఒకాయన, వీళ్ళను ఇక్కడికి రానివ్వకూడదు ఆంటీ అన్నాడు, తను కాసేపట్లో ఎక్కబోయే కేబుల్ కార్ క్యూలో నిలబడి. అందరి ముందూ ప్రభాకర్ గారు ఉమ గారి చెయ్యి పట్టుకుని, పై సత్రంలో పడకల్లేవని, ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుంటే చాలని, అందరం చుట్టూ ఉంటామని చెప్పారు. గుంపంతా ఉమాంటీ కెన్ లా, ఉమాంటీ కెన్ లా అని చప్పట్లు మొదలుపెట్టారు. ఎవరో ఫోన్ తీసి వీడియో పట్టుకున్నారు.

ఉమ గారి మొహం పాలిపోయింది. తలుపు మూసుకుంటున్న ఆ పెట్టె వైపు ఒకసారి చూశారు. చెయ్యి విడిపించుకున్నారు.

“నేను నేల మీద పడుకుంటానండీ. మీరు వెళ్ళండి” అన్నారు, ఆయన్ని చూడకుండా.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ప్రభాకర్ గారిని బాధించింది భార్య మాట కాదు, వీడియో. ఆడవాళ్ళిద్దరినీ వదిలేసి వెళ్ళాడని అనిపించుకోవడం ఇష్టంలేక, తానూ నడిచే దిగుతానని ప్రకటించారు.

దిగడం

గట్టు దిగేవరకు బాగానే ఉన్నారు. గులకరాళ్ళ ఏటవాలులో మోకాళ్ళు వణకడం మొదలైంది. ఆ తర్వాత పక్కకు తిరిగి పీతలా దిగారు, ఆ తర్వాత వెనక్కి తిరిగి, ఆ తర్వాత కూర్చుని జరుగుతూ. ఎన్నో ఆదివారాలు ఆయన ఎక్కిన మెట్లలో ఒక్కటీ ఆయన మోకాళ్ళు దిగి ఎరగవు. ఉమ గారు ముందు నడుస్తూ, ఎక్కడ కాలు పెట్టాలో చెప్తూ, ఒక్క దెప్పు మాట అనకుండా ఆయన్ని పై సత్రం చేర్చారు. భోజనాల గదిలో ముగ్గురం బల్లల సందున పడుకున్నాం.

పొద్దున ఆయన గడప దిగలేకపోయారు. ఎక్కడానికైతే నొప్పేమీ లేదు, దిగడానికే. పళ్ళ రైలు స్టేషన్ సత్రానికి పైన ఉంది. అంటే కిందికి పోవాలంటే ఆయన మళ్ళీ కొండెక్కాలి. ఇంతకన్నా న్యాయమైన శిక్ష ఏ కోర్టూ వేయలేదు. పైకి పోతున్న వేరే గుంపుతో ఆయన్ని పంపాం. చకచకా ఎక్కిపోయారు, పాపం, మెచ్చుకోవాల్సిందే.

మేమిద్దరం లోయ వెంట రోజంతా నడిచాం.  ఒకసారి ఏట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నప్పుడు, ఏడుపు రావడం లేదండీ, అదే వింతగా ఉంది అన్నారు ఉమ గారు. నా దగ్గరున్న జంతికలు ఇచ్చాను. ఇలాంటప్పుడు మాట్లాడకుండా ఉండటం ఏ సర్టిఫికెట్ కోర్సులోనూ చెప్పరు.

ఇరుకు రాతిసందులో ఏరు ఉరికే చోటు దాటితే ఊరు మొదలవుతుంది. అక్కడ ప్రభాకర్ గారు ఒక గోడకు ఆనుకుని ఎదురుచూస్తున్నారు. ఉత్సాహంగా చెయ్యి ఊపి, హోటల్ దాకా గుర్రబ్బండి మాట్లాడేశాననీ, మ్యూనిక్ రైలుకి టికెట్లు కూడా తీసేశాననీ చెప్పారు.

ఉమ గారు బండిని చూశారు, ఆయన్ని చూశారు.

“వచ్చేటప్పుడు నాకు లిఫ్టొక్కటే భయమండీ” అన్నారు. “ఇప్పుడు మీరన్నా భయమేస్తోంది.”

గొంతు పెంచలేదు.  నేను దూరంగా జరిగాను గానీ, ఆయన మొహం కనపడుతూనే ఉంది. ఆ ట్రిప్పులో ఆయన నిజంగా భయపడటం అప్పుడే చూశాను. కాసేపటికి బండివాడి దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పి పంపేశారు. మోకాళ్ళు పట్టుకుంటూ తిరిగొచ్చి ఆవిడ ముందు నిలబడ్డారు.

“ఎలా వెళ్దాం ఉమా?” అన్నారు.

ఆవిడ కాస్త ఆలోచించి, ఏటి పక్కనున్న దారి చూపించి, ఆయన కంటే ఒకడుగు ముందు నడవడం మొదలుపెట్టారు.